మెదడు గాయం తర్వాత తల తిరుగుడు, నడక తూలుడు

ప్రశ్న: సూర్యాపేట దగ్గర రోడ్డు ప్రమాదంలో మెదడుకు తీవ్రగాయమై కోలుకున్న వ్యక్తికి, నెలలు గడిచినా, పక్కమీద ఒత్తిగిలితే తల తిరుగుతోంది, చీకట్లో నడక తూలుతోంది. కారణమేమిటి? (ఒక పాఠకుడు, కోదాడ)

జవాబు: శరీరపు నిలకడను లోపలి చెవి, కళ్లు, పాదాలు, కీళ్ల నుంచి అందే సమాచారం కాపాడుతుంది, దానిని మెదడు కాండమూ, తల వెనుక భాగాన ఉండే చిన్నమెదడూ సమన్వయిస్తాయి గనుక, వీటిలో ఏది దెబ్బతిన్నా తూలుడు కలుగుతుంది. ఒత్తిగిలినప్పుడు కొద్ది క్షణాలు గిర్రున తిరగడానికి తరచుగా కారణం, లోపలి చెవిలోని సున్నపు స్ఫటికాలు దెబ్బ అదురుకు స్థానం తప్పి అర్ధవృత్తాకార నాళాలలో చేరడమే. దీనికి మాత్రలకంటే, తలను వరుసగా కొన్ని కోణాలలో తిప్పి స్ఫటికాలను స్వస్థానానికి చేర్చే ఎప్లీ విధానమే మేలు. అయితే మెడకు గాయం లేదని నిర్ధారించాకే వైద్యునిచేత చేయించాలి.

చీకట్లో తూలడం వేరు. కంటి ఆసరా తొలగగానే మిగిలిన వాటిలోని లోపం బయటపడుతుంది. దీనికి చూపును ఒకచోట నిలిపి తలను కదిలించే వ్యాయామాలు, నడక శిక్షణ ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో నెలల తరబడి కావాలి. తల తిరుగుడును అణిచే మాత్రలను దీర్ఘకాలం వాడితే మెదడు సర్దుకోవడం మందగిస్తుందన్నది కుటుంబాలు తప్పక గ్రహించాలి. కొన్ని మూర్ఛ మందులూ, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడమూ కూడా తూలుడుకు కారణం కావచ్చు. మందులను సొంతంగా మానరాదు.

కోదాడ, మిర్యాలగూడ వాసులు మొదట సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగాన్నీ, అవసరమైతే హైదరాబాద్‌లోని నిమ్స్ న్యూరాలజీ విభాగాన్నీ సంప్రదించవచ్చు. కొత్తగా తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మగత, మాట తడబాటు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయాలి.