పాత కారుకు కొత్త స్టీరింగ్: సందేహాలు - సమాధానాలు

ప్ర: మా నాన్నగారి 1978 అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించాను. స్టీరింగ్ చక్రం మీద నాలుగైదు చోట్ల పగుళ్లున్నాయి. మలుపులో గట్టిగా తిప్పితే చేతిలోకి ఊడి వస్తుందేమోనని భయంగా ఉంది. వెంటనే మార్చెయ్యాలా?
- పాఠకుడు, రాజమహేంద్రవరం

జ: ముందు స్థిమితపడండి. పగిలింది పైనున్న ప్లాస్టిక్ పొర. మీ చేతి బలాన్ని మోసేది దాని లోపలున్న ఇనప కడ్డీ. వేడికి ఇనుమూ ప్లాస్టిక్కూ ఒకే తీరుగా సాగవు కాబట్టి, ఇన్నేళ్లు మన ఎండల్లో నిలబడ్డ చక్రానికి పగుళ్లు రావడం మామూలే. బండి ఆపి, రెండు చేతులతో చక్రాన్ని మీవైపు లాగి, మళ్లీ వెనక్కి నొక్కి చూడండి. పగులు నోరు తెరిచి మూస్తున్నా, కిర్రుమన్నా, స్పోకు రిమ్మును కలిసే చోట తుప్పు పొడి రాలుతున్నా లోపలి కడ్డీని అనుమానించాలి. అప్పుడు బండిని కదపకుండా చక్రం మార్చండి. అవేవీ లేకపోతే పగులును కాస్త వెడల్పు చేసి, ఎపాక్సీ నింపి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది రంగు వేయిస్తే చాలు. నన్నడిగితే, బాగయ్యే అవకాశం ఉన్నంతవరకు అసలు చక్రాన్నే ఉంచుకోమంటాను. షాఫ్టు మీద అది కూర్చున్నంత సరిగ్గా మరొకటి కూర్చోదు.

ప్ర: మా ప్రీమియర్ పద్మినికి మా అబ్బాయి చిన్న స్పోర్ట్స్ స్టీరింగ్ పెడతానంటున్నాడు. ఆ కారు నేనూ నడుపుతాను. నాకు భుజం నొప్పి ఉంది. ఇక తిప్పలేనేమోనని దిగులుగా ఉంది.
- పాఠకురాలు, గుంటూరు

జ: మీ దిగులులో న్యాయం ఉందమ్మా. కానీ దానికి దారి కూడా ఉంది. పవర్ స్టీరింగ్ లేని కారులో పెద్ద చక్రమే చేతికి సాయం. 40 సెంటీమీటర్ల చక్రం తీసి 35 సెంటీమీటర్లది పెడితే, అవే టైర్లను తిప్పడానికి సుమారు 14 శాతం ఎక్కువ బలం పెట్టాలి. హైవే మీద ఇది పెద్దగా తెలియదు, ఇరుకు సందులో పార్కింగ్ చేసేటప్పుడు భుజానికి తెలుస్తుంది. 38 సెంటీమీటర్లదైతే తేడా 5 శాతమే కాబట్టి అబ్బాయితో అక్కడ రాజీ పడండి. కొనేముందు ఆ కొలతకు అట్ట చక్రం కత్తిరించి పాతదాని ముందు పట్టి చూడండి. మీటర్లు కనిపించాలి, చేతి గేరు ఏ గేరులో ఉన్నా రిమ్ముకూ దాని కడ్డీకీ మధ్య వేళ్లు నలగకుండా చోటుండాలి. ఇప్పటికే స్టీరింగ్ బరువుగా ఉంటే ముందు టైర్లలో గాలి, స్టీరింగ్ బాక్సులో ఆయిల్ చూపించండి. చాలాసార్లు నొప్పికి కారణం అక్కడే ఉంటుంది.

ప్ర: ఆన్‌లైన్‌లో ఇటలీ బ్రాండు పేరున్న చక్రం తెప్పించాను. హబ్ రంధ్రాలకు, చక్రం రంధ్రాలకు కాస్త తేడా వస్తోంది. రంధ్రాలు పెద్దవి చేసి బిగిస్తానని మెకానిక్ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?
- పాఠకుడు, విజయవాడ

జ: మీరు ఆగి అడిగారు, చాలా మంచిపని చేశారు. మీరు మోసపోయారని అప్పుడే అనుకోవద్దు, ఈ తేడా సహజమే. మోమో, స్పార్కో చక్రాల ఆరు రంధ్రాలు 70 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి, నార్డీ చక్రాలవి 74 మీద. చూపుకు ఒకేలా ఉండి 4 మిల్లీమీటర్ల దగ్గర పేచీ వస్తుంది. రంధ్రాలు మాత్రం పెద్దవి చేయనివ్వకండి. చక్రానికి సరిపోయే హబ్ తెప్పించుకోండి, లేదా చక్రం తిప్పి పంపేయండి.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరపడేది ఇందులోనే. చక్రం కొనేటప్పుడు అందరూ తోలు చూస్తారు, స్పోకులు చూస్తారు. ప్రాణం ఆధారపడేది మాత్రం మధ్యలో ఉన్న ఆ చిన్న హబ్ మీద. దాని లోపలి పళ్లు షాఫ్టు పళ్లకు లెక్కలోనూ లావులోనూ కచ్చితంగా కలవాలి. నట్టు లేకుండా చేత్తో కూర్చోబెట్టినప్పుడే పక్కలకు ఊగుతుంటే ఆ హబ్ వద్దు. పాత చక్రం మధ్యభాగం కోసి కొత్తదానికి వెల్డింగ్ చేస్తామని షెడ్డులో ఎవరన్నా అంటే, ఎంత పనిమంతుడైనా సరే, వద్దనండి. ఆ అతుకు లోపల ఎలా ఉందో బయటికి కనిపించదు. సరైన హబ్ దొరకని కారుకు సెకండ్ హ్యాండ్ అసలు చక్రమే మేలు.

ప్ర: చక్రం మార్పించాక కారు తిన్నగా పోతున్నా స్టీరింగ్ ఓ పక్కకు వంగి ఉంటోంది. ముందు చక్రాలు ఏమైనా దెబ్బతిన్నాయా?
- పాఠకుడు, వరంగల్

జ: కారు తిన్నగా పోతోందన్నారు కదా, చాలావరకు నిశ్చింతగా ఉండండి. చక్రం ఒక పన్ను అటో ఇటో కూర్చుని ఉంటుంది. షాఫ్టుకు 36 పళ్లుంటే ఒక్క పన్నుకు 10 డిగ్రీల తేడా వస్తుంది, కంటికి బాగా తెలుస్తుంది. విప్పి ఒక పన్ను జరిపి పెట్టించండి. అంతకన్నా చిన్న వంపు మిగిలితే అలైన్‌మెంట్ చేసేచోట రెండు టై రాడ్లనూ సరిచేస్తారు. భయపడాల్సింది ఎప్పుడంటే, ఆ వంపు రోజురోజుకూ మారుతున్నప్పుడు. నట్టు వదులైనా, పళ్లు అరిగినా అలా జరుగుతుంది, అప్పుడు బండిని నడపకుండా లాగించి షెడ్డుకు చేర్చండి.

ప్ర: పాత చక్రం ఊడి రాక మెకానిక్ సుత్తితో కొట్టబోయాడు. నేను ఆపాను. చాదస్తం అనుకున్నాడు.
- పాఠకుడు, కర్నూలు

జ: మీరు ఆపడమే సరైనది. ఏళ్ల తరబడి బిగిసిన చక్రం తేలిగ్గా రాకపోవడం మామూలే. సుత్తి దెబ్బకు షాఫ్టు మరలు, లోపలి బేరింగు పాడవుతాయి. రాత్రి తుప్పు వదిలించే నూనె వేసి, పొద్దున పుల్లర్‌తో లాగించండి. నట్టును పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు ఉంచమనండి, లేకపోతే చక్రం ఒక్కసారిగా వచ్చి మొహానికి తగులుతుంది.

ప్ర: కొత్త చక్రం పెట్టినప్పటి నుంచి మలుపు తిరిగితే హారన్ దానంతటదే మోగుతోంది. మంటలు అంటుకుంటాయా? ఇండికేటర్ కూడా వెనక్కి రావడం లేదు.
- పాఠకురాలు, హైదరాబాద్

జ: కంగారు పడకండి, ఈ రెండూ హబ్ మార్చినప్పుడు తరచుగా వచ్చేవే. హారన్ తీగ మధ్యలో ఇనుముకు తగులుతోంది. బ్యాటరీ తీగ విప్పి, హబ్ వెనకున్న రాగి రింగు, దానికి ఆనే స్ప్రింగు సరిగ్గా కూర్చున్నాయేమో చూపించండి. ఇండికేటర్‌ను వెనక్కి నెట్టే చిన్న కొన పాత హబ్‌కు ఉండి కొత్తదానికి లేకపోవచ్చు. అది అమర్చేదాకా చేత్తో తీయడం అలవాటు చేసుకోండి. కాలిన వాసన వచ్చినా, ఫ్యూజు మళ్లీమళ్లీ పోతున్నా మాత్రం బ్యాటరీ విప్పి వెంటనే చూపించాలి.

ప్ర: మా 1968 ఫియట్‌కు వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామనుకుంటున్నాం. స్టీరింగ్ మారిస్తే అర్హత పోతుందా?
- పాఠకుడు, సికింద్రాబాద్

జ: కేవలం చక్రం మార్చినందుకు అంత భయం అక్కర్లేదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కారుకు 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలో ఉండాలి. పెద్ద మార్పులంటూ అవి పేర్కొన్నవి ఛాసీ, బాడీ, ఇంజిన్. అయినా రవాణా కార్యాలయానికి తీసుకెళ్లే రోజున అసలు చక్రమే ఉంటే ప్రశ్నలకు తావుండదు. అందుకే పాతది తుక్కుకు వేయకండి, గుడ్డలో చుట్టి ఎండ తగలని చోట దాచండి.

ప్ర: మా అంబాసిడర్‌లో ఎయిర్‌బ్యాగ్ లేదు. గుద్దుకుంటే స్టీరింగ్ గుండెకు తగులుతుందని మా ఆవిడ ఆ కారెక్కడమే మానేసింది. ఎలాంటి చక్రం పెడితే మంచిది?
- పాఠకుడు, కాకినాడ

జ: ఆమె భయాన్ని కొట్టిపారేయకండి, పాత కార్లలో అది నిజమైన ప్రమాదమే. అయితే తగ్గించుకోగలిగినది. చక్రం కన్నా ముందు మూడు చోట్ల బిగించే సీటు బెల్టు పెట్టించండి. దాని కొనలు గట్టి ఇనుముకే బిగించాలి, పల్చటి రేకుకు కాదు. సీటును వెనక్కి జరిపి ఛాతీకీ చక్రం మధ్యభాగానికీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండేలా చూసుకోండి. చక్రం మార్చేటట్టయితే మధ్యలో మెత్తటి ప్యాడ్ ఉన్నది తీసుకోండి, పదునైన లోహపు అంచులున్నది వద్దు. రిమ్ము బాగా ముందుకు పొడుచుకొచ్చే లోతైన చక్రాలు కూడా వద్దు, అవి ఆ 25 సెంటీమీటర్లలో చాలా భాగాన్ని తినేస్తాయి. బెల్టు బిగించాక ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, కట్టుకుని గట్టిగా లాగి చూడమనండి.