ముగ్గురు పిల్లలు, మూడు టైంటేబుళ్లు

ప్రశ్న: 9, 6, 3 ఏళ్ల పిల్లలను ఇంట్లోనే చదివిస్తున్న హనుమకొండ తల్లి ఒకరు ముగ్గురికీ వేర్వేరు టైంటేబుళ్లు వేసి, వారానికే చేతులెత్తేశారు. వేరే దారి ఉందా అని అడుగుతున్నారు.

జవాబు: ఉంది. ముందు ఆ మూడు కాగితాలూ చించేయాలి.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం నడిపే పల్లె బడుల్లో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా పేర్చారు. ఎవరు ఎక్కడ ఆగితే మర్నాడు అక్కణ్నుంచే మొదలు. కొన్ని కార్డులు టీచరుతో, కొన్ని తోటివాళ్లతో, కొన్ని ఒంటరిగా చేయాలి. ఇంటికి కావలసిన కిటుకు ఇదే.

లెక్కలు, చదవడం, రాయడం మాత్రం ఎవరి మెట్టు వారిది. పెద్దవాళ్లిద్దరికీ తలా 20 నిమిషాలు తల్లి పక్కన కూర్చుంటే చాలు. ఆమె మధ్యవాడితో ఉన్నప్పుడు పెద్దమ్మాయి ఒంటరి కార్డు చేసుకుంటుంది. చిన్నది చెంచాలు, గరిటెలు వేరుచేస్తుంది (శనగలు వద్దు, మూడేళ్లవాళ్ల ముక్కుల సంగతి తెలిసిందే).

సైన్సు, కథలు ముగ్గురికీ ఒకటే. చిక్కుడు గింజ నాటితే చిన్నది నీళ్లు పోస్తుంది, మధ్యవాడు బొమ్మ గీస్తాడు, పెద్దది స్కేలుతో ఎత్తు కొలిచి గ్రాఫు వేస్తుంది.

పరీక్షల బెంగా? జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో 3, 5, 8 తరగతులకు సమానమైన ఎ, బి, సి స్థాయిలున్నాయి. అక్కడ పదో తరగతికి కనీస వయసు 14. పెద్దమ్మాయికి ఇంకా ఐదేళ్లుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఖాళీగా వదలాలి. జ్వరాలు, చుట్టాలు, కరెంటు కోతలు మింగేసిన పాఠాలు అక్కడ సర్దుకుంటాయి.