హాస్టల్ మెస్ చెత్త – మొక్కలకు ఎరువు

విశ్వవిద్యాలయ హాస్టళ్లలో పూటపూటా అన్నం, కూరలు, కూరగాయల తొక్కలు మిగులుతాయి. వాటిని మెస్ వెనుక పారబోస్తే ఏమవుతుంది? ఈగలు గుడ్లు పెడతాయి. ఎండాకాలంలో పదిరోజుల్లోపే అవి కొత్త ఈగలై మన పళ్లాల మీద వాలుతాయి. నీళ్ల విరేచనాలు, టైఫాయిడ్ ఇలా కూడా వ్యాపిస్తాయి. అదే ఆవరణలో ఎండుటాకులను తగలబెట్టి పొగ పీలుస్తున్నాం. ఈ రెండూ కలిస్తే మంచి ఎరువు!

మొదట ఒక్క మెస్‌తోనే ప్రారంభిద్దాం.

1. ప్లాస్టిక్, ఎముకలు, నూనె వేరుచేసి, నీళ్లు వడకట్టాలి.
2. ఒక బకెట్ తడి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు కలపాలి. పైన ఆకులు కప్పాలి.
3. వారానికోసారి కుప్పను తిరగవేయాలి. లోపల 55 డిగ్రీల వేడి కనీసం మూడు రోజులు నిలిస్తే చాలా రోగక్రిములు చస్తాయి.
4. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

దుర్వాసన వస్తే పని ఆపవద్దు. తడి ఎక్కువైందని గ్రహించి ఆకులు కలిపి తిరగవేయాలి. సెలవుల్లో కుప్పను ఎవరు చూస్తారో ముందే నిర్ణయించుకోవాలి. సుమారు మూడు నెలల్లో మట్టివాసన గల నల్లని ఎరువు తయారవుతుంది.

అన్నిటికన్నా ముందు, తినగలిగినంతే వడ్డించుకుందాం.