పుట్టు శుక్లం

“మాస్టారూ! మా తమ్ముడికి రెండో నెల. రెండు కంటిపాపలూ తెల్లగా ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మ గ్రహణం చూసిందట. పొర ముదిరాక ఆపరేషన్ చేయిస్తే సరిపోతుందంటోంది మా నాయనమ్మ” అని కొన్నేళ్ళ క్రిందట ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి నాతో చెప్పింది.

నాయనమ్మ మాటల్లో రెండు తప్పులున్నాయి. రెండవది ప్రమాదకరమైనది.

కంటిపాప వెనుక పారదర్శకమైన కటకం ఉంటుంది. అది మసకబారడమే శుక్లం. నల్లగుడ్డు పైపొర మీద వచ్చే తెల్లమచ్చను మనవాళ్ళు పువ్వు అంటారు, అది వేరు. శుక్లం ముసలివారికే వస్తుందనుకుంటాము కాని, కొందరు శిశువులు దానితోనే పుడతారు.

కటకం ఉల్లిపాయవలె పొరలు పొరలుగా పెరుగుతుంది. గర్భంలో తొలి వారాలలో ఏర్పడిన భాగం నడిమధ్యన ఉండిపోతుంది. కొత్త పోగులు దాని చుట్టూ చేరుతాయి, పాతవి రాలిపోవు. మన చీరాలలో మగ్గం చూడనివారుండరు కదా! ఒకనాడు మరకనూలు నేస్తే, తరువాత ఎంత మంచి నూలు వాడినా ఆ మేర మరక బట్టలో నిలిచిపోతుంది. ఎన్ని మూరల దగ్గర ఉందో చూచి అది ఏనాటి నేతో చెప్పవచ్చు. కటకమూ అంతే. మసక నడిమధ్యన ఉంటే హాని చాలా ముందుగా జరిగిందన్నమాట. మధ్యభాగమూ అంచూ తేటగా ఉండి నడుమ ఒక్క పొరే మసకబారితే, ఆ పొర తయారయ్యే రోజులలో ఏదో జరిగింది. కొందరిలో కటకం ముందువైపో వెనుకవైపో చుక్క మాత్రమే ఉంటుంది. కొందరిలో కటకమంతా తెల్లబడుతుంది.

ఏమి జరిగి ఉంటుంది? 1941లో సిడ్నీ నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్, తోటి వైద్యులు చూచినవారితో కలిపి, పుట్టు శుక్లమున్న 78 మంది శిశువుల గురించి ప్రకటించాడు. వారి తల్లులలో అత్యధికులకు గర్భం తొలి దశలో రుబెల్లా సోకింది. తల్లికి స్వల్ప జ్వరం, ఒంటిమీద దద్దు, అంతే. వైరస్ మాత్రం బిడ్డ కటకంలో చేరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో బడి పిల్లలకు వేసిన తట్టు–రుబెల్లా టీకా ఇందుకే.

వంశపారంపర్యం మరొక కారణం. కొన్ని కుటుంబాలలో తల్లికో తండ్రికో ఉంటే, ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశముంది. మరికొన్నిటిలో తల్లిదండ్రులిద్దరి కళ్ళూ బాగుంటాయి, కాని ఇద్దరిలోనూ ఒకే లోపపు జన్యువు దాగి ఉంటుంది. అప్పుడు ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికంలో ఇలా ఇద్దరిలోనూ ఒకే జన్యువు ఉండడం ఎక్కువ. అన్ని మేనరికాలూ ఇలా అవుతాయని కాదు, మాదీ మేనరికమే. పాలలోని చక్కెర సరిగా వినియోగం కాని ఒక అరుదైన జబ్బులోనూ శుక్లం వస్తుంది. చాలామందిలో కారణమే తేలదు. గ్రహణానికి మాత్రం ఇందులో చోటు లేదు.

ఇక ముదరడం సంగతి. తాతగారి మెదడు చూడడం ఎప్పుడో నేర్చుకుంది. ఆయన కొంతకాలం ఆగినా ఆపరేషన్ తరువాత చూపు వస్తుంది. శిశువు మెదడు ఇప్పుడే నేర్చుకోవాలి. తొలి నెలల్లో స్పష్టమైన బొమ్మ అందకపోతే, తరువాత కటకం తీసినా మెదడుకు ఆ కన్ను పనికిరాదు. అందుకే దట్టమైన శుక్లాన్ని పుట్టిన రెండు మూడు నెలలలోపే తీస్తారు. చిన్న చుక్క అయితే డాక్టర్లు కనిపెట్టి చూస్తూంటారు. ఏది ఏదో తేల్చవలసినది వారే. కంటిపాప తెల్లబడడానికి ఇంకా తీవ్రమైన జబ్బులూ కారణం కావచ్చు.

ఆ పిల్లవానికి ఆ నెలలోనే ఆపరేషన్ అయింది. కటకం లేని లోటు తీర్చడానికి దళసరి అద్దాల కళ్ళజోడు ఇచ్చారు. పసివాని ముక్కు మీద అది నిలిచేది కాదు. మా విద్యార్థిని దానికి వెనుకవైపు ఎలాస్టిక్ కట్టి, రోజూ బడికి వచ్చేముందు సరిచేసి వచ్చేది.