గప్పీలకు ముందు నీళ్లు సిద్ధం చేద్దాం

హాస్టల్లో గాజు తొట్టి పెట్టిన రోజే కుళాయి నీళ్లు నింపి ఆరు గప్పీలను వదిలాం. వారం తిరక్కుండానే నాలుగు చచ్చిపోయాయి. జబ్బు అనుకున్నాం. కాదు, తొందరపాటు మాది.

చేపల విసర్జనల నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. ఒకరకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గానూ, మరొక రకం నైట్రేట్‌గానూ మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషమే. నైట్రేట్ వల్ల హాని తక్కువ. నీళ్లు తేటగా కనబడినంత మాత్రాన విషం లేదని కాదు.

మన తీరంలో రొయ్యల రైతులు కూడా గుంటలో నీళ్లకు బ్లీచింగ్ వేసి, దాని ఘాటు పోయాకే పిల్లను వదులుతారు. తొట్టికీ అదే ఓపిక కావాలి.

1. తొట్టిని కల్లుప్పుతో రుద్ది కడగాలి. సబ్బు వాడరాదు.
2. క్లోరిన్ నీళ్లను వెడల్పు బకెట్లో ఒక రోజు నిలవ ఉంచాలి. గప్పీలకు కాస్త కఠిన జలమే నచ్చుతుంది, పి.హెచ్. 7 నుండి 8 ఉంటే మేలు.
3. స్పాంజి ఫిల్టర్ నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ, చేపలు లేకుండా 4 నుండి 6 వారాలు ఆగాలి. బాక్టీరియా స్థిరపడేది అప్పుడే.
4. చేపల సంచిని 20 నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, తొట్టి నీళ్లు కొద్దికొద్దిగా కలిపి వదలాలి.
5. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చాలి. స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండాలి. కుళాయి కింద కడిగితే బాక్టీరియా చస్తుంది.

గప్పీలు నెలకోసారి పిల్లలు పెడతాయి. ఎక్కువైతే తోటివారికి ఇవ్వండి. కాలువల్లో వదలకండి, మన నాటు చేపల తిండికి పోటీ వస్తాయి.

తమ్ముళ్లూ, ఈసారి తొట్టి కొన్నాక ముందు నెలన్నర ఓపిక పట్టండి.