చిరునామా దాచుకోకండి

ముంబైలో కామాఠిపురా, వర్లీ, లోయర్ పరేల్‌ల తెలుగు చాళ్ళ నుంచి కాలేజీ గడప తొక్కే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మున్సిపాలిటీ తెలుగు బడిలో మీ అమ్మానాన్నలకు అక్షరాలు దిద్దించినదాన్ని. కాలేజీ వేడుకలకని ముస్తాబై వెళ్ళి, మొహం చిన్నబుచ్చుకుని తిరిగొచ్చిన పిల్లల్ని చాలామందినే చూశాను.

1. ఉన్నచోటి పేరు దాచకండి. ఫారంలో కామాఠిపురా అనకుండా 'ముంబై సెంట్రల్' అని రాసి ఊరుకునే పిల్లలు మనలో చాలామంది. పిన్‌కోడ్ 400008 ఎటూ కలుస్తుంది కదా అని. ఎందుకు దాస్తారో నాకు తెలుసు. కామాఠిపురా అనగానే జనానికి వేశ్యావాటికలే గుర్తొస్తాయి. 2022 ఫిబ్రవరిలో 'గంగూబాయి కాఠియావాడీ' సినిమా వచ్చినప్పుడు, మా పేటకు మచ్చ తేవద్దు, పేరు తీసేయండి అని ఇక్కడివాళ్ళు హైకోర్టుదాకా వెళ్ళారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆ ఏడాది మన పిల్ల ఒకతె కాలేజీ ఫెస్ట్‌లో పేరు నమోదు చేయించుకోబోతే, బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు ఆమె ఐడీ కార్డు మీది చిరునామా పైకి చదివి పక్కవాడికి కన్నుగీటాడు. ఆ పిల్ల పోటీలో పాల్గొనకుండానే ఇంటికొచ్చేసింది.

అలాంటప్పుడు చెప్పడానికి మీ దగ్గర చరిత్ర ఉండాలి. నిజాం రాజ్యం నుంచి వలసొచ్చి, ఈ నగరం కోసం రాళ్ళు మోసి గోడలు లేపిన తెలుగు కామాఠీల వల్ల వచ్చింది కామాఠిపురా అన్న పేరు. 1873లో జ్యోతిబా ఫూలే సత్యశోధక్ సమాజం పెట్టాక, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్ళలో వెంకు బాలాజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటి తెలుగు కాంట్రాక్టర్లున్నారు. అదే ఏడాది ఫూలే తన 'గులాంగిరి' పుస్తకాన్ని నల్లవారి బానిసత్వం పోగొట్టడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. పుట్టుకతో మనిషిని తక్కువ చేయడాన్ని ఎదిరించిన ఆ మహానుభావుడి పక్కన మన పెద్దలు నిలబడ్డారు. ఈ సంగతి మీ కాలేజీలో ఎంతమందికి తెలుసు? మీరే చెప్పాలి.

2. ట్రెడిషనల్ డే స్కిట్ మొదలయ్యాక గొడవపడి లాభం లేదు, రిహార్సల్ నాడే అడగండి. ప్రతి ఏడూ అదే తంతు. మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, నుదుటి నిండా విభూతి, బుగ్గలకు బూట్ పాలిష్, ప్రతి మాట చివరా 'అయ్యయ్యో'. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం అన్నీ కలిపి ఒకే 'మద్రాసీ'. సరదాకే కదా అంటారు. 1966లో శివసేన పుట్టాక ఇదే ఊళ్ళో 'హటావ్ లుంగీ' అని కేకలేశారు, ఉడుపి హోటళ్ళ మీద పడ్డారు. ఆ రోజులు చూసిన తాతలు మన ఖోలీల్లో ఇంకా ఉన్నారు. లుంగీ వేషానికి వెనక ఇంత కథ ఉందని స్కిట్ రాసే పిల్లలకు ఎవరూ చెప్పలేదు. కల్చరల్ సెక్రటరీకి కాగితం మీద రాసివ్వండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. నోటిమాటగా చెబితే ఆ పూటకు తలూపి మరిచిపోతారు.

3. తెలియక అన్నవాణ్ణీ, తెలిసి అన్నవాణ్ణీ ఒకే గాటన కట్టకండి. 'అది మాకు బాధ' అని ఒకసారి చెప్పి చూడండి. మరాఠీ పిల్లలైనా, గుజరాతీ పిల్లలైనా చాలామంది అక్కడితో ఆపేస్తారు, కొందరు మీ బతుకమ్మకొచ్చి పూలు కూడా పేరుస్తారు. చెప్పాక కూడా ఆపనివాడి సంగతి ప్రిన్సిపాల్ గదిలో తేల్చుకోవాలి.

4. ఇది మీకు నచ్చదు, అయినా చెబుతాను. మణిపూర్ పిల్లను 'చింకీ' అని, ఆఫ్రికా కుర్రాణ్ణి 'కాలూ' అని మన పిల్లలే పిలవడం నేను విన్నాను. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా జుట్టు చూసి ఎగతాళి చేశారు. మాటా మాటా పెరిగి కొట్టారు, మర్నాడు ఆ పిల్లవాడు చనిపోయాడు. ఆ తర్వాతే కేంద్రం ఈశాన్య ప్రాంతం వాళ్ళ కష్టాలు తెలుసుకోవడానికి బేజ్‌బారువా కమిటీ వేసింది. మద్రాసీ అంటే ఏడ్చే నోటితో చింకీ అనే హక్కు మనకెక్కడిది?

5. కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళు మన గల్లీకి 'సేవ' చేయడానికి వస్తే తోడు వెళ్ళండి, కెమెరాలు మాత్రం సంచుల్లో పెట్టించండి. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళు, నేపాల్ నుంచి వచ్చినా బెంగాల్ నుంచి వచ్చినా, మన ఇరుగుపొరుగు. మన పరువు కాపాడుకోవడానికి 'మేం వాళ్ళలాంటి వాళ్ళం కాదు' అని వాళ్ళను తోసేసి మాట్లాడకండి. ఆ మాట నేను సహించను.

ఈ జూన్‌లో అడ్మిషన్ తీసుకునేవాళ్ళు ఫారంలో కామాఠిపురా అని నిండుగా రాయండి. కల్చరల్ కమిటీకి పేరివ్వండి. స్కిట్లు రాసేచోట మన పిల్ల ఒక్కతైనా కూర్చోవాలి.