ఇంటి సెప్టిక్ ట్యాంకు: ఇంటివారి బాధ్యత, పంచాయతీ బాధ్యత



వానలు మొదలయ్యాయంటే పిల్లల వార్డులో మంచాలు ఖాళీగా ఉండవు. వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు. "బిడ్డకు ఏ నీళ్లు తాగిస్తున్నారమ్మా?" అని తల్లిని అడిగితే "బోరు నీళ్లే సిస్టర్, మంచివే" అంటుంది. "ఆ బోరుకు మరుగుదొడ్డి గుంత ఎంత దూరంలో ఉంది?" అని అడిగితే మాత్రం చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. బోరు తమ ఇంటిదైతే గుంత పక్కింటివారిది కావచ్చు. నేల లోపల గోడలు ఉండవు కదా.

ఒకప్పుడు మన ఏజెన్సీ గూడేలలో మరుగుదొడ్డి ఉన్న ఇల్లు అరుదు. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ కార్యక్రమం ప్రారంభమైన తరువాత ఎన్నో ఇళ్లకు మరుగుదొడ్లు వచ్చాయి. ఇది సంతోషించదగిన విషయం. అయితే గుంత ఎలా కట్టాలి, నిండితే ఎవరు తీయాలి, తీసినది ఎక్కడ వేయాలి అనే సంగతులు ప్రజలకు అంతగా చేరలేదు. ఈ పాఠంలో వాటి గురించి తెలుసుకుందాం.

ఏది సెప్టిక్ ట్యాంకు? ఏది కాదు?

మన ప్రాంతంలో నాలుగైదు సిమెంటు రింగులు దింపి, పైన మూత వేసి దానిని సెప్టిక్ ట్యాంకు అంటున్నారు. అది సెప్టిక్ ట్యాంకు కాదు, అడుగు లేని గుంత. అసలైన సెప్టిక్ ట్యాంకుకు అడుగున కాంక్రీటు, చుట్టూ నీరు కారని గోడలు ఉంటాయి. బరువైన మలం అడుగుకు చేరి, గాలి అవసరం లేని సూక్ష్మజీవుల వలన కొంతవరకు కుళ్లి కరుగుతుంది. జిడ్డు, నురగ పైకి తేలుతాయి. మధ్యలోని నీరు గొట్టం ద్వారా ఇంకుడు గుంతకు వెళుతుంది. ఆ నీరు చూడటానికి తేటగా ఉన్నా శుభ్రమైనది కాదు. అందులో రోగక్రిములు, నులిపురుగుల గుడ్లు ఉంటాయి. దానిని వీధి కాలువలోకి వదలడమంటే మలాన్ని కొంచెం పలుచన చేసి వీధిలో పోయడమే.

భారత ప్రమాణాల సంస్థ 1985లో సవరించిన నియమావళి ఐ.ఎస్. 2470 ప్రకారం ఐదుగురు ఉన్న ఇంటికి ట్యాంకు లోపలి పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 0.75 మీటరు, నీటి లోతు 1 మీటరు ఉండాలి. అంటే ఐదు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడు అడుగులకు పైగా నీరు. ఆ పైన మరో అడుగు ఖాళీ వదలాలి. ఈ కొలత రెండేళ్లకు ఒకసారి శుభ్రం చేయించుకునే ఇంటికి. మేస్త్రీ "ఎంత పెద్దగా కడితే అంత మంచిది, ఇరవై ఏళ్లు చూడక్కర్లేదు" అంటే నమ్మకండి. ఇరవై ఏళ్లు తీయకపోతే అడుగున మడ్డి పేరుకుపోయి, వచ్చిన మలం వచ్చినట్లే ఇంకుడు గుంతలోకి పోతుంది.

ఇదే నియమావళిలో మరొక కొలత ఉంది. దానిని ఇంటి గోడ మీద రాసి పెట్టుకున్నా మంచిదే. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే అరవై అడుగుల దూరం ఉండాలి. నివాస గృహానికి కనీసం 6 మీటర్ల దూరం ఉండాలి. గోదావరి ఒడ్డు ఇసుక నేలల్లో, పగుళ్లున్న రాతి నేలల్లో మురికినీరు తొందరగా దూరం పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ దూరం పాటించాలి. వాగులో చెలమ తీసుకుని నీళ్లు ముంచుకునే గూడేలలో, చెలమకు ఎగువన గుంత తవ్వనే కూడదు. నల్లరేగడిలో వేరే చిక్కు ఉంది. నీరు ఇంకదు, పైకి ఉబుకుతుంది.

గాలి గొట్టానికి దోమల వల కట్టడం మరచిపోకండి. ఏనుగు కాలు వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ ఇలాంటి మురికి నీటిలోనే పెరుగుతుంది. మలేరియా దోమ మాత్రం వేరు, దానికి తేట నీరు కావాలి. కాబట్టి వల కట్టాం కదా అని దోమతెర మానకండి.

రెండు గుంతల పద్ధతి

ఇంటి చుట్టూ కొంత స్థలం ఉండి, బావికి దూరం ఉండి, భూగర్భ జలం బాగా లోతున ఉన్న పల్లెలకు సెప్టిక్ ట్యాంకు కంటే రెండు గుంతల మరుగుదొడ్డి నయమని నా అభిప్రాయం. ఖర్చు తక్కువ, బండిని పిలిచే పని లేదు. ఒక గుంత నిండగానే దానిని మూసి రెండోది వాడాలి. మూసిన గుంతను ఏడాది, రెండేళ్లు కదపకుండా వదిలితే మలం వాసన లేని ఎరువుగా మారుతుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లికి వచ్చి, ఇలా మూసి ఉంచిన గుంతలోకి స్వయంగా దిగి ఎరువు ఎత్తారు. అంత పెద్ద అధికారి ఆ పని చేశారని పత్రికలు రాశాయి. ఆయన దిగింది ఎండిన ఎరువు గుంతలోకి అని గమనించండి. తడి సెప్టిక్ ట్యాంకులోకి ఎవరూ దిగకూడదు.

మనిషిని దించితే నేరం

ఇది అన్నిటికంటే ముఖ్యమైన విషయం. నిండిన ట్యాంకులో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే ప్రమాదకర వాయువులు ఉంటాయి, ప్రాణవాయువు తక్కువ. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. "వాసన తగ్గింది, ఇక దిగవచ్చు" అనుకున్నవాడు రెండు మూడు ఊపిరులకే పడిపోతాడు. అతనిని లాగడానికి అన్న దిగుతాడు, అన్న కోసం బావమరిది దిగుతాడు. ఒకే ట్యాంకులో ఇద్దరు, ముగ్గురు చనిపోవడం ఇలాగే జరుగుతుంది. దీపం దించి చూడటం ఇంకా ప్రమాదం, మీథేన్ అంటుకుంటుంది. ఎవరైనా లోపల పడితే మీరు దిగకండి. కేకలు వేసి జనాన్ని పిలవండి, 101కి, 108కి ఫోన్ చేయండి. పడినవారికి స్పృహ ఉంటే పైనుండి తాడు అందించండి.

2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించి శుభ్రం చేయించడం నిషిద్ధం. మొదటిసారి తప్పుకు రెండేళ్ల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఈ చట్టం గుత్తేదారుకే కాదు, పని చేయించుకున్న ఇంటి యజమానికీ వర్తిస్తుంది. "అతనే ఒప్పుకుని దిగాడు" అనే మాట చెల్లదు. మురుగు కాలువల్లో, ట్యాంకుల్లో చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో మురుగు కాలువల మరణాలకు ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. ఐదు వందల రూపాయల కూలికి ఒప్పుకుని, మందు తాగి, కళ్లు మూసుకుని దిగే మనిషికి కూడా ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలు ఉంటారు.

పంచాయతీ ఏం చేయాలి?

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం గ్రామంలో పారిశుద్ధ్యం గ్రామ పంచాయతీ పని. మురుగునీటిని వీధిలోకి వదిలేవారికి జరిమానా వేసే అధికారం కూడా ఉంది. అధికారం ఉన్నా, పక్క వీధివాడి మీద జరిమానా రాయడానికి కార్యదర్శికి మొహమాటం, సర్పంచికి ఓట్ల భయం. అందుకని జరిమానా కంటే ముందు జాగ్రత్త మేలు. ఇంటి అనుమతికి దరఖాస్తు వచ్చినప్పుడే ట్యాంకు ఎక్కడ, ఇంకుడు గుంత ఎక్కడ, దగ్గరలో ఎవరి బోరు ఉంది అని చూస్తే సగం తగాదాలు పుట్టవు. ఇంటి పునాది పడ్డాక ఎవరూ ఏమీ చేయలేరు.

మరి బండి పీల్చుకుపోయిన మలం ఎక్కడికి పోతుంది? మనలో ఎవరూ అడగని ప్రశ్న ఇది. డబ్బు కట్టి పంపేశాక మనకు సంబంధం లేదనుకుంటాం. రాత్రిపూట అడవి అంచున గాని, వాగులో గాని వదిలితే అది దిగువ గూడెం తాగునీటిలోకే వస్తుంది. 2016లో వరంగల్ నగరపాలక సంస్థ ఈ విషయమై ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. బండ్లకు లైసెన్సు ఉండాలి, తీసినదాన్ని ఎక్కడపడితే అక్కడ వదలకూడదు. భద్రాచలం పరిస్థితి వేరు. 2014లో చుట్టుపక్కల ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. పట్టణం తెలంగాణలో మిగిలింది. అప్పటి నుండి చెత్త వేయడానికే స్థలం కరువు. అటువంటి చోట బండి ఎక్కడ ఖాళీ అవుతుందో గ్రామసభలో అడగడం తప్పు కాదు, అది మన హక్కు. ఆడవారు అడిగితే మరీ మంచిది. జబ్బుపడిన బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చేది వారే కదా.

వరద వచ్చినప్పుడు

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు మొదటి, 48కి రెండవ, 53కి మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది. అంత వరదలో ప్రతి ట్యాంకు, ప్రతి గుంత నీట మునిగి, లోపలిదంతా బయటకు వచ్చి బావుల్లో కలుస్తుంది. కాబట్టి లోతట్టు ప్రాంతాలవారు వానాకాలానికి ముందే ట్యాంకు తీయించుకోవాలి, మూత గట్టిగా బిగించాలి. వరద తీయగానే ట్యాంకు తోడించవద్దు. నేల ఇంకా నీటితో నిండి ఉంటుంది గనుక ఖాళీ ట్యాంకు గోడలు పగిలే అవకాశం ఉంది.

మునిగిన బావి నీటిని వెంటనే తాగకండి. ముందు బురద, పాత నీరు తోడించండి. తరువాత ఏ.ఎన్.ఎం. ద్వారా బ్లీచింగ్ పౌడర్ వేయించండి. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్ల నీటికి సుమారు రెండున్నర గ్రాముల మంచి పౌడర్ చాలు. వరద తరువాత ఎక్కువ కావాలి, ఎంత అనేది వారు చూసి చెబుతారు. పొడిని నేరుగా బావిలో చల్లకుండా బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేటను మాత్రమే బావిలో కలపాలి. సాయంత్రం చీకటి పడ్డాక వేస్తే తెల్లవారేసరికి నీరు వాడుకోవచ్చు. అప్పటికీ కొద్ది రోజుల పాటు పిల్లలకు, గర్భిణీలకు కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి.